వాల్తేరు నూరేళ్ల పంట

లెక్కల్లో సి.ఆర్. రావు, సంగీతంలో శ్రీపాద పినాకపాణి, నాటకంలో గొల్లపూడి, కథలో ఓల్గా... ఆంధ్రా యూనివర్సిటీ నీడన చదివినవాళ్ల పేర్లు చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. ఇంతమంది అక్కడి నుంచే ఎలా వచ్చారన్నది తెలుసుకోవాల్సిన సంగతి.

1944. కలకత్తా యూనివర్సిటీలో ఎం.ఏ. స్టాటిస్టిక్స్ తరగతి. పాఠం చెబుతున్న మాస్టారు కుర్రవాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లకూ ఆయనకూ వయసులో పెద్ద తేడా లేదు. కాసిని నమూనాలు చూసి మొత్తం గురించి ఒక అంచనా వేస్తాం కదా, ఆ అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదన్నది పాఠం. దానికొక హద్దు ఉందని ఇంగ్లండుకు చెందిన రొనాల్డ్ ఫిషర్ అప్పటికే చెప్పాడు. కానీ ఆయన చెప్పింది నమూనాల సంఖ్య అంతులేకుండా పెరిగినప్పటి మాట. వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి లేచి, చేతిలో ఉన్నవి కొద్ది నమూనాలే అయితే అప్పుడు కూడా అలాంటి హద్దు చూపించగలమా అని అడిగాడు. మాస్టారి దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని లెక్క తేల్చారు. మర్నాడు తరగతిలో నిరూపించి చూపించారు.

ఆ మాస్టారు కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచానికి సి.ఆర్. రావు. ఆ రాత్రి తేలిన లెక్క 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. స్వీడన్‌లో హెరాల్డ్ క్రామర్ కూడా విడిగా అదే ఫలితానికి చేరుకోవడంతో దానికి ‘క్రామర్-రావు హద్దు’ అని పేరు స్థిరపడింది. సగటున ఎటూ మొగ్గని పద్ధతి ఎంత తెలివైనదైనా, చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి పొరపాటు ఇంతకన్నా తగ్గదు అని చెప్పే సూత్రమది. రాడార్ తయారు చేసేవాళ్లకూ, వైద్య స్కానింగ్ యంత్రాల మీద పనిచేసేవాళ్లకూ ఈనాటికీ అది రోజూ కావాల్సిన కొలమానం.

ఆ ప్రశ్నకు నాలుగేళ్ల ముందు, 1940లో, ఆ కుర్రవాడు విశాఖపట్నంలో గణితం ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నాడు. మొదటి తరగతి, మొదటి ర్యాంకు. ఆ పట్టా ఇచ్చిన ఆంధ్రా యూనివర్సిటీకి అప్పటికి పద్నాలుగేళ్లు.

పద్నాలుగేళ్ల పసి యూనివర్సిటీ అంతటివాణ్ని ఎలా తయారు చేసింది? నూరేళ్ల సందర్భంగా అడగాల్సిన ప్రశ్న ఇదే. పూర్వ విద్యార్థుల ఫొటోలు గోడకు తగిలించడం సులువు. వాళ్లు తయారైన పరిస్థితి ఏమిటో చూడడమే అసలు పని.

ముందు మాస్టార్లు వచ్చారు

1926 ఏప్రిల్ 26న బెజవాడ కేంద్రంగా యూనివర్సిటీ మొదలైంది. కేంద్రం ఎక్కడుండాలన్న దాని మీద బెజవాడ, రాజమండ్రి, విశాఖ వాళ్ల మధ్య పెద్ద పేచీయే నడిచింది. చివరికి 1930లో విశాఖలోని వాల్తేరు మెట్ట మీదికి చేరింది. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ‘ముసలమ్మ మరణం’ రాసిన కవి, ‘కవిత్వతత్త్వ విచారము’ రాసిన విమర్శకుడు. ప్రభుత్వం స్వాతంత్ర్యోద్యమాన్ని అణచివేస్తున్న తీరుకు నిరసనగా 1930లో పదవి వదులుకున్నారు. 1931 నుంచి 1936 వరకు ఆ కుర్చీలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉన్నారు. తర్వాత మళ్లీ కట్టమంచి వచ్చి 1949 దాకా కొనసాగారు.

ఈ ఇద్దరి గురించి చాలా చెప్పుకోవచ్చు. వాళ్లు చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది ఒకటుంది. మాస్టార్లను వెతికి పట్టుకొచ్చారు. పేరు మోసినవాళ్ల కోసం ఎదురుచూడకుండా, ముందు ముందు పేరు తెచ్చుకోగల కుర్రవాళ్లను గుర్తుపట్టారు.

సి.వి. రామన్ శిష్యుడు సూరి భగవంతం 1932లో ఫిజిక్సు చెప్పడానికి వచ్చేనాటికి ఆయనకు ఇరవై మూడేళ్లు నిండీ నిండలేదు. తర్వాతి రోజుల్లో ఆయనే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరయ్యారు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారయ్యారు. ఫిలాసఫీ చెప్పడానికి వచ్చిన బెంగాలీ యువకుడు హుమాయూన్ కబీర్ స్వతంత్ర భారతంలో కేంద్రమంత్రి అయ్యారు. చరిత్ర చెప్పిన హీరేన్ ముఖర్జీ పార్లమెంటు గర్వించదగ్గ వక్తగా నిలిచారు. తెలుగు శాఖలో పింగళి లక్ష్మీకాంతం ఉండేవారు.

కెమిస్ట్రీకి టి.ఆర్. శేషాద్రి వచ్చారు. ఆయన లాబ్‌లో ఏం జరిగేదో కాస్త దగ్గరగా చూడాలి. ఖరీదైన రసాయనాలు దిగుమతి చేసుకునే స్తోమత లేని కొత్త యూనివర్సిటీ అది. ఆయన చుట్టూ ఉన్న చేలనూ చెట్లనూ చూశారు. పత్తి పువ్వులు తెప్పించి, వాటి పసుపు రంగుకు కారణమైన పదార్థాలను విద్యార్థులతో వేరు చేయించారు. కానుగ గింజల్లో ఏముందో తేల్చారు. రైతుకు పత్తి పువ్వు రాలిపోయేదే. వాల్తేరు లాబ్‌లో ఆ పువ్వు మీద పుట్టిన పరిశోధన పత్రాలను మొక్కల రసాయన శాస్త్రం చదివే ప్రపంచమంతా చదివింది. శేషాద్రి 1949లో ఢిల్లీకి వెళ్లారు. 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఆయన దగ్గర చదివినవాళ్లు దేశమంతటా కెమిస్ట్రీ శాఖల్లో గురువులయ్యారు.

వీటన్నిటికీ డబ్బు కావాలి కదా. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ స్వయంగా కవి, పండితుడు. ఏటా లక్ష రూపాయలు ఇస్తూ వచ్చారు. ఆనాటి లక్ష అంటే ఎంతో ఊహించుకోవచ్చు. సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరు పెట్టారు.

యుద్ధం వచ్చి ఇదంతా చెదరగొట్టబోయింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. యూనివర్సిటీ మూటాముల్లె సర్దుకుని గుంటూరు వెళ్లింది. 1946లో గానీ తిరిగి రాలేదు. ఊరు మారినా చదువు ఆగలేదు. మాస్టార్లూ విద్యార్థులూ ఉన్నచోటే యూనివర్సిటీ ఉంటుందని ఆ నాలుగేళ్లు రుజువు చేశాయి.

గడువు దాటిన దరఖాస్తు

మళ్లీ సి.ఆర్. రావు దగ్గరికి వద్దాం. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీల ఉద్యోగం కావడంతో పిల్లల చదువు గూడూరు, నూజివీడు, నందిగామల మీదుగా సాగి విశాఖలో కుదురుకుంది. పదిమంది సంతానంలో ఈయన ఎనిమిదోవారు. తెల్లవారుజామున నాలుగింటికే తల్లి లక్ష్మీకాంతమ్మ లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేదట. ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకాన్ని ఆ సంగతి చెప్పుకుంటూ అమ్మకే అంకితమిచ్చారు.

ఎం.ఏ. కాగానే వాల్తేరులోనే పరిశోధన చేయాలనుకున్నారు. స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు దాటి చేరిందని ఆ దారి మూసుకుపోయింది. సైన్యంలో సర్వే ఉద్యోగానికి ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళితే అదీ దక్కలేదు. అక్కడ బసలో తారసపడిన ఒకాయన, తాను ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు వచ్చానని చెప్పాడు. ఆ పేరు వినడం రావుకు అదే మొదలు. వెళ్లి చూశారు. 1941 జనవరి 1న అక్కడ చేరారు. నలభై ఏళ్లకు కాస్త తక్కువగా ఆ సంస్థతోనే నడిచి, 1979లో అమెరికా వెళ్లారు.

కేంబ్రిడ్జ్‌కు వెళ్లిన కథ మరీ చిత్రం. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన పాత అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడానికి కేంబ్రిడ్జ్ మ్యూజియం వాళ్లకు లెక్కలు తెలిసిన మనిషి కావలసి వచ్చాడు. 1946లో ఆ పని మీద వెళ్లి, పనిలో పనిగా ఫిషర్ దగ్గరే 1948లో పిహెచ్.డి. చేశారు. ఎవరి సూత్రాన్ని దాటి ముందుకెళ్లారో ఆయనే గురువయ్యారన్నమాట. 2001లో పద్మవిభూషణ్ వచ్చింది. అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ కూడా వరించింది. 102 ఏళ్ల వయసులో, 2023లో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్నారు. అదే ఏడాది ఆగస్టు 22న కన్నుమూశారు.

గణితంలో అంత గట్టి పునాది పడింది వాల్తేరులో. ఆ పునాదిని వాడుకున్నది కలకత్తా. ఇందులో గర్వపడాల్సిన సగమూ ఉంది, ఆలోచించాల్సిన సగమూ ఉంది.

స్టెతస్కోపూ తంబురా

ఆంధ్ర వైద్య కళాశాల యూనివర్సిటీ కన్నా మూడేళ్లు పెద్దది. యూనివర్సిటీ పుట్టాక దాని గొడుగు కిందికి వచ్చింది. 1930లలో అక్కడ ఎం.బి.బి.ఎస్. చదివిన శ్రీపాద పినాకపాణి తర్వాత అక్కడే జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. చేశారు. కర్నూలు వైద్య కళాశాలలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఇది ఆయన జీవితంలో ఒక సగం.

రెండో సగం సంగీతం. మద్రాసులో మహా విద్వాంసుల కచేరీలు విని, ఆ బాణీని ఒడిసిపట్టి తెలుగునాటికి తెచ్చారు. కీర్తన ఎలా పాడాలో నోటితో చెప్పడంతో సరిపెట్టకుండా, ప్రతి గమకమూ తెలిసేలా స్వరపరిచి రాసిపెట్టారు. ఒక సంగతిలో స్వరం ఎక్కడ ఊగాలి, ఎక్కడ నిలవాలి, కింది స్వరాన్ని తాకి పైకి ఎలా పోవాలి అన్నది కాగితం మీద కనబడుతుంది. రోగి లక్షణాలను వరసగా నమోదు చేసే వైద్యుడి చెయ్యి అది. తిరుమల తిరుపతి దేవస్థానం ‘సంగీత సౌరభం’ పేరుతో సంపుటాలుగా అచ్చువేసింది.

నూకల చినసత్యనారాయణ, నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు వంటి విద్వాంసులు ఆయన దగ్గర మెరుగులు దిద్దుకున్నవాళ్లే. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మరుసటి ఏడు పద్మభూషణ్. జీతం తెచ్చింది ఒక విద్య, పేరు తెచ్చింది మరో విద్య. రెండింటిలో దేనికీ ఆయన అన్యాయం చేయలేదు. 2013లో నిండు నూరేళ్లకు కొద్ది నెలల ముందు వెళ్లిపోయారు.

ఫిజిక్సు నుంచి సంభాషణకు

గొల్లపూడి మారుతీరావు 1950ల చివర్లో వాల్తేరులో మేథమెటికల్ ఫిజిక్సు ఆనర్స్ చదివారు. పదిహేనేళ్లకే మొదటి కథ అచ్చులో చూసుకున్న కుర్రవాడు. పట్టా చేతికొచ్చాక 1959లో ఆంధ్రప్రభలో ఉపసంపాదకుడిగా చేరారు. తర్వాత ఆకాశవాణి. ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమాకు రచన చేశారు. 1982లో కోడి రామకృష్ణ తొలిచిత్రం ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో నటుడిగా తెర మీదికొచ్చి, తియ్యటి మాటలతో వెన్నుపోటు పొడిచే మనిషిని తెలుగువాళ్లు ఎన్నటికీ మరిచిపోలేనట్టు చూపించారు. దర్శకుడిగా మొదటి సినిమా తీస్తూ ప్రమాదంలో పోయిన కొడుకు శ్రీనివాస్ పేరుతో, దేశంలో ఏ భాషలోనైనా తొలిచిత్రం తీసిన దర్శకుడికి ఏటా పురస్కారం ఇచ్చారు. కడుపుకోతను కొత్తవాళ్లకు దన్నుగా మార్చడం అందరివల్లా అయ్యేది కాదు.

కొన్ని దశాబ్దాల తర్వాత అదే వాల్తేరులో న్యూక్లియర్ ఫిజిక్సులో ఎం.ఎస్సీ. చేసిన భీమవరం కుర్రాడు హైదరాబాద్ చేరి, 1999లో ‘స్వయంవరం’ సినిమాకు మాటలు రాశాడు. ‘నువ్వు నాకు నచ్చావ్’ మాటలు జనం ఇళ్లల్లో చెప్పుకున్నారు. 2002లో ‘నువ్వే నువ్వే’తో దర్శకుడయ్యాడు. ఆ కుర్రాడే త్రివిక్రమ్ శ్రీనివాస్. అతని సంభాషణలో ఒక పదం తీసేస్తే మాట పడిపోతుంది, ఒక పదం చేరిస్తే బరువెక్కుతుంది. ఫిజిక్సు చదివినందుకే అలా రాశాడనడం అతిశయోక్తి. అయితే సమీకరణాలు కట్టి పెరిగిన బుర్రకు పొదుపు అలవాటవుతుందన్నది మాత్రం ఒప్పుకోవాలి.

సీతకు స్నేహితులను వెతికిన రచయిత్రి

గుంటూరులో పుట్టిన పోపూరి లలితకుమారి 1972లో ఆంధ్రా యూనివర్సిటీలో తెలుగు ఎం.ఏ. పూర్తిచేశారు. చిన్నప్పుడే పోయిన అక్క పేరు ఓల్గా. ఆ పేరుతోనే రాయడం మొదలుపెట్టారు. తెనాలిలో పాఠాలు చెప్పారు, సినిమా నిర్మాణ సంస్థలో పనిచేశారు, ‘అస్మిత’ సంస్థతో కలిసి మహిళల హక్కుల కోసం నడిచారు. 1987లో వచ్చిన ‘స్వేచ్ఛ’ నవల మీద తెలుగునాట పెద్ద వాదనే జరిగింది.

‘విముక్త’ కథల పుస్తకంలో ఆమె చేసిన పని దగ్గరగా చూడదగ్గది. రామాయణాన్ని దూషించలేదు, తిరగరాయలేదు. సీతను శూర్పణఖ దగ్గరికి, అహల్య దగ్గరికి, రేణుక దగ్గరికి, ఊర్మిళ దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. ముక్కూ చెవులూ కోయించుకున్న శూర్పణఖ తోట పెంచుకుంటూ ఉంటుంది. ఆ తోటలో ఇద్దరు ఆడవాళ్లూ మాట్లాడుకుంటారు. శత్రువులని మనం అనుకున్నవాళ్ల మధ్య స్నేహం పుడుతుంది. 2015లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పాత కావ్యాలను అక్షరమక్షరం చదివించే తెలుగు ఎం.ఏ. లేకపోతే ఆ కావ్యాలను ఇంత చనువుగా ప్రశ్నించడం కుదరదు.

ఎదురుగా సముద్రం

వాల్తేరు ప్రొఫెసర్లు మెట్ట దిగితే బంగాళాఖాతం. ఆ సముద్రాన్నే లాబ్‌గా చేసుకోవచ్చన్న ఆలోచన 1950ల మొదట్లో గట్టిపడింది. జియాలజీ శాఖను నిలబెట్టిన సి. మహదేవన్ కూడా రామన్ శిష్యుడే. అమెరికా నుంచి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ తోడయ్యాడు. భారత నౌకాదళం ఓడలు ఇచ్చింది. మాస్టార్లూ విద్యార్థులూ ఆ ఓడలెక్కి నీటి వేడి, ఉప్పదనం, లోతు కొలిచారు. తీరానికి ఆవల సముద్రం అడుగున లోయలు బయటపడ్డాయి. వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. ఒక వాల్తేరు ప్రొఫెసర్ పేరు సముద్రం అడుగున ఉందని మన బడిపిల్లల్లో ఎంతమందికి తెలుసు?

1966లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓషనోగ్రఫీ ఏర్పడినప్పుడు, వాల్తేరులో ఈ చదువు చదివినవాళ్లు దానికి అక్కరకొచ్చారు.

ఇంకా ఉన్నారు. మెటలర్జీలో దేశానికి దారి చూపిన పల్లె రామారావు ఇక్కడ ఫిజిక్సు చదివారు. రాజాం నుంచి వచ్చి మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన గ్రంథి మల్లికార్జునరావు సంస్థ శంషాబాద్ విమానాశ్రయాన్ని కట్టింది. ఇక్కడ న్యాయశాస్త్రం చదివిన వెంకయ్యనాయుడు ఉపరాష్ట్రపతి అయ్యారు. కోనసీమ దళిత కుటుంబం నుంచి వచ్చి ఇక్కడే లా చదివిన జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ స్పీకర్ కుర్చీలో కూర్చున్నారు.

ఇప్పుడు చేయాల్సింది

ఈ కథలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. పేరు తెచ్చుకున్న ప్రతి విద్యార్థి వెనకా, ఎక్కడి నుంచో వెతికి తెచ్చిన ఒక మాస్టారో, ఆ మాస్టారి దగ్గర చదివిన మరో మాస్టారో ఉన్నారు. రామన్ శిష్యులు వాల్తేరుకొస్తే వాళ్ల శిష్యులు దేశమంతా వెళ్లారు. ఈ గొలుసులో ఒక్క తరం మాస్టార్లు తెగిపోయినా దాని నష్టం వెంటనే కనబడదు. ముప్ఫై ఏళ్ల తర్వాత, చెప్పుకోవడానికి కొత్త పేర్లు లేనప్పుడు కనబడుతుంది.

ఈనాడు రెండు తెలుగు రాష్ట్రాల యూనివర్సిటీలూ అధ్యాపకుల ఖాళీలతో కుంటుతున్నాయి. ఏ ఏటికాయేడు కాంట్రాక్టు మీద, గెస్టు ఫ్యాకల్టీగా పాఠాలు చెప్పేవాళ్లు శాఖలను మోస్తున్నారు. వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషిని, పదేళ్లు పట్టే పరిశోధన మొదలుపెట్టమని ఎలా అడుగుతాం? ఇరవై మూడేళ్ల భగవంతాన్ని నమ్మి పాఠాలు అప్పజెప్పిన యూనివర్సిటీలో అదే వయసు ప్రతిభావంతుడికి ఇప్పుడు దొరుకుతున్నది గంటల లెక్కన జీతం. రిటైరైన ప్రొఫెసర్ స్థానంలో కొత్తవారు రాకపోతే ఆ గదికి తాళం పడుతుంది. ఆయన నలభై ఏళ్ల అనుభవం ఎవరికీ అందకుండా పోతుంది.

నూరేళ్ల పండుగ వేళ ప్రభుత్వం ఇవ్వాల్సిన కానుక శాశ్వత నియామకాలు. ఆలస్యం లేకుండా, కోర్టు చిక్కులకు తావులేకుండా, ప్రతిభ ఒక్కటే చూసి చేసే నియామకాలు.

పూర్వ విద్యార్థుల వంతూ ఉంది. దేశవిదేశాల్లో స్థిరపడినవాళ్లు సొంత యూనివర్సిటీకి ఏదైనా చేయాలని నిజంగానే తపిస్తున్నారు. ఆ తపన ఎక్కువగా తోరణాలకూ, సమావేశ మందిరాలకూ, శిలాఫలకాలకూ ఖర్చవుతోంది. విక్రమదేవ వర్మ ఏటా ఇచ్చిన లక్ష లాబ్‌లకూ జీతాలకూ ఉపయోగపడింది కాబట్టే ఆయన పేరు నిలిచింది. ఒక బ్యాచ్ అంతా కలిసి ఒక శాఖలో ఒక అధ్యాపక పీఠానికి నిధి పెట్టవచ్చు. డబ్బు లేక పరిశోధన మానుకునే పిల్లకు మూడేళ్ల స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. లైబ్రరీకి రావాల్సిన పత్రికల చందా కట్టవచ్చు. ఏడాదికి ఒక నెల వచ్చి పాఠం చెప్పవచ్చు.

1940లో ఒక కాగితం ఆలస్యమై, ఒక మేధావి వాల్తేరు నుంచి రైలెక్కాడు. ఆయనకు కలకత్తా దొరికింది, లోకానికి మేలే జరిగింది. అలా రైలెక్కిన అందరికీ కలకత్తా దొరకదు. అందుకే వచ్చే నూరేళ్లలో అలాంటివాళ్లు ఇక్కడే ఉండి పనిచేసుకోగలిగేలా వాల్తేరును నిలబెట్టాలి. ఆ బాధ్యత ప్రభుత్వానిదీ, అక్కడ చదివి పైకొచ్చిన ప్రతి ఒక్కరిదీ.